చెవి మేస్త్రి విన్న బండి

కొండ మీది ఆరోగ్య కేంద్రం,
నవంబరు 3.

అన్నయ్యకి,

బండి క్షేమంగా చేరింది. నేనూ చేరాను. ఈ వరసలో ఎందుకు రాశానంటే, నువ్వు ముందు అడిగేది దాని సంగతే కదా.

పాతదైనా గుండె గట్టిదే. కింద తారురోడ్డు దాటి మట్టిదారి ఎక్కగానే మంచు కమ్మింది. పోయిన ఏడాది ఇదే మలుపుల్లో మా అంబులెన్సు వెనక్కి జారితే నలుగురం దిగి తోశాం. ఇది నాలుగు చక్రాలతోనూ నేలని పట్టుకుని, మారుమాట లేకుండా ఎక్కేసింది. పదేళ్ళుగా కాన్పుల సంచీ భుజాన వేసుకుని ఈ గూడేల చుట్టూ కాళ్ళీడ్చుకుంటూ తిరిగిన నర్సుకి ఇంతకంటే ఏం కావాలి? చిన్న బండి, తినేది కూడా తక్కువే. నీ పిచ్చుకకి తగ్గ బండే వెతికి పెట్టావు.

డాక్టరమ్మ బయటికి వచ్చి బానెట్టు మీద తట్టి, "ఎవరు చూసి కొన్నారమ్మా?" అంది. "చూసి కాదండీ, మా అన్నయ్య విని కొన్నాడు" అన్నాను. ఊళ్ళో నిన్ను అందరూ చెవి మేస్త్రి అంటారనీ, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకుంటే రోగం దానంతటదే చెప్పుకుంటుందనీ, నువ్వు ఊ అంటే ఇంక ఎవరూ రెండోమాట అడగరనీ చెప్పాను. ఆవిడ మెళ్ళో స్టెతస్కోపు సర్దుకుని, "అయితే మా కులమే" అని నవ్వింది.

ఒక్కటే ఇబ్బంది. ఆవరణలో బండి తిప్పడానికి స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి కోస్తే ఎవరో వెనక నించి పట్టి లాగినట్టు బిగుసుకుని, తటాలున వదులుతోంది. తిన్నగా పోయేటప్పుడు ఏమీ లేదు. ఇది దేనికి?

అడుగుదామని ఫోను చేశాను. మూడు రోజుల్లో నాలుగుసార్లు. నాలుగుసార్లూ వదినే తీసి, "స్నానం చేస్తున్నారమ్మా" అంది. ఇంత శుభ్రం ఎప్పటి నించీ నేర్చావు?

నీ పిచ్చుక


షెడ్డు,
నవంబరు 9.

పిచ్చుకా,

నా స్నానాల లెక్క నీకెందుకు? గ్రీజు మనిషిని, నాలుగుసార్లు చేసినా తెల్లబడను.

స్టీరింగు కోసినప్పుడు పట్టేయడం పెద్ద రోగం కాదు. నీ బండికి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య, వెనక ఇరుసు దగ్గర, నూనెలో మునిగి ఒక చిన్న క్లచ్ ఉంటుంది. బురదలో అదే నాలుగింటినీ కలిపి పని చేయిస్తుంది. మలుపులో వెనక చక్రాలు తక్కువ తిరగాలి, ముందువి ఎక్కువ తిరగాలి. ఆ నూనె పాతబడితే క్లచ్ ఆ పాటి వెసులుబాటు కూడా ఇవ్వదు, మొండికేస్తుంది. ఆ నూనె మార్పించు. టైర్లు నాలుగూ ఒకే అరుగుదలలో ఉండాలి. ఒకటి మారిస్తే నాలుగూ మార్చాల్సిందే. లేకపోతే ఉమ్మడి కాపురంలో ఒక్కడు వేరుకుండ పెట్టినట్టే, అందరూ అరిగిపోతారు.

ఇక ఫోను. బండి రోగాలు ఫోనులో చెప్పుకునేవి కావు. షెడ్డులో ఒకటే మోత. పక్కన వెల్డరు నిప్పులు కురిపిస్తూ ఉంటాడు, నువ్వొకటి చెబితే నేనొకటి వింటాను. ఉత్తరమైతే జేబులో పెట్టుకుని రెండుసార్లు చదువుకుంటాను. ఏదైనా శబ్దం వస్తే అది ఎలా ఉందో ఉన్నదున్నట్టు అక్షరాల్లో రాయి. గలగలా, గరగరా, టకటకా, కీచుకీచా. ఎప్పుడు వస్తోందో, ఎంతసేపు ఉంటోందో రాయి. చదివితే చాలు, నాకు వినపడుతుంది.

చలి ఎక్కువగా ఉంటే పొద్దున్నే తాళం తిప్పి, ఆ చుట్ట బొమ్మ లైటు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టు. హీటర్ ప్లగ్గులు వేడెక్కాలి. నీకు అన్నీ తొందరే.

అన్నయ్య


ఆరోగ్య కేంద్రం,
నవంబరు 21.

అన్నయ్యకి,

ముందే చెప్పేస్తున్నాను, తిట్టకు. రాయి కోసి ముందు టైరు ఒకటి పోయింది. ఇక్కడ టైర్ల షాపు ఒక్కటే. ఆయన కూడా నీలాగే, "నాలుగూ మార్చాలమ్మా" అన్నాడు. ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే. వేయించుకున్నాను. వెనక ఇరుసు నూనె మాత్రం మార్పించాను. నల్లగా, తారులా కారింది. ఇప్పుడు స్టీరింగు కాస్త నయం.

ఇక నువ్వు అడిగిన శబ్దాల చిట్టా. బ్రేకు వేస్తే కీచు, అది దుమ్మే అనుకుంటాను. గుంతలో పడితే వెనక ఎడమవైపు దబ్. అసలు అడగాల్సింది మూడోది. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేయగానే ఇంజను ముందుభాగంలో గలగలగల. రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు. అయిదారు లెక్కపెట్టేలోపు ఆగిపోతుంది. మధ్యాహ్నం స్టార్ట్ చేస్తే రాదు. మొదట్లో రెండు లెక్కపెడితే ఆగేది.

ఇంకోటి, మీటర్ల పక్కన ఒక పసుప్పచ్చ లైటు. డబ్బాలో చుక్కలున్న బొమ్మ. ఒకరోజు వెలుగుతుంది, ఒకరోజు ఉండదు.

వీటిలో ఏది ముఖ్యమో రెండు ముక్కలు ఫోనులో చెబితే పోయేది. నిన్న కూడా చేశాను. వదిన, "పడుకున్నారమ్మా" అంది. సాయంత్రం అయిదింటికి! నీకు ఫోను చేయడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

మా అంబులెన్సు గేరుబాక్సు పోయి కిందికి వెళ్ళింది. ఎప్పుడొస్తుందో తెలీదు.

పిచ్చుక


షెడ్డు,
నవంబరు 27.

పిచ్చుకకి,

ఆ శంఖం సామెత ఎవరి దగ్గర నేర్చావు? నలభై ఏళ్ళుగా ఈ చెవి పెట్టిన అన్నం తింటున్నాను. నీ నర్సు చదువుకి ఫీజు కట్టింది కూడా ఈ చెవే. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు నోరు కాస్త అదుపులో పెట్టుకో.

పసుపు లైటు సంగతి చెబుతాను. సైలెన్సరులో మసి పట్టే డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజను బాగా వేడెక్కి, ఆపకుండా చాలాసేపు నడిస్తే ఆ మసిని తనంతట తానే కాల్చేసుకుంటుంది. నువ్వేమో ఈ గూడేనికి పది నిమిషాలు, ఆ గూడేనికి పది నిమిషాలు తిప్పుతావు. కాల్చడం మొదలుపెట్టగానే నువ్వు ఆపేస్తావు. సగం ఉడికిన అన్నం పొయ్యి మీద నించి దించినట్టు. వారానికి ఒకసారి కింద తిన్నటి రోడ్డు మీదికి తీసుకెళ్ళి, మూడో గేరులో అరగంట గట్టిగా తోలు.

పొద్దున వచ్చే గలగల చలి వల్ల. డీజిల్ ఇంజను చలిలో కొట్టుకుంటుంది. హీటర్ ప్లగ్గు ఒకటి పోయి ఉంటుంది. కంగారు పడాల్సింది లేదు. ఆ బండి నేను విన్న బండి.

గట్టిగా రాశానేమో. మీ వదిన చదివి, "ఆడపిల్ల మీద అంత కోపమెందుకు" అంది. స్వెటరు వేసుకో.

అన్నయ్య


ఆరోగ్య కేంద్రం,
డిసెంబరు 12.

అన్నయ్యకి,

సామెత తప్పే. నోరు జారింది. క్షమించు.

కానీ బండి గురించి ఒక మాట అడగాలి. కోప్పడకుండా చదువు. నిన్న పొద్దున టైర్ల షాపు ఆయన ఏదో పనిమీద కేంద్రానికి వచ్చాడు. నేను స్టార్ట్ చేస్తుంటే ఆగి విన్నాడు. "ఇది ప్లగ్గు కాదమ్మా, ఇంజను లోపల చైను. వదులైపోయింది. తెగితే ఇంజను లోపలే ముక్కలవుతుంది. తోలకండి" అన్నాడు. మా అన్నయ్య విన్నాడు, ఏమీ లేదన్నాడు అని చెప్పాను. "మీ అన్నయ్య ఎవరు?" అన్నాడు. చెవి మేస్త్రి అని చెబితే, "ఆయన విన్నాడంటే నేనెంతమ్మా" అని వెళ్ళిపోయాడు. నీ పేరు ఇంత దూరం పాకిందని నాకు గర్వంగానే ఉంది. అయినా నిద్ర పట్టలేదు.

అందుకని ఒక పని చేశాను. ఈ పొద్దున ఆరింటికి, మంచులో, బానెట్టు తీసి ఫోను ఇంజను దగ్గర పెట్టి ఆ శబ్దం మొత్తం రికార్డు చేశాను. వదిన ఫోనుకి పంపాను. చెవి దగ్గర పెట్టుకుని విను. నువ్వు వద్దంటే ఆ నిమిషమే బండి మూలన పెట్టేస్తాను, మళ్ళీ నడిచే తిరుగుతాను. తోలమంటే తోలతాను. నాకు తెలిసిన మేస్త్రివి నువ్వొక్కడివే.

అంబులెన్సు ఫిబ్రవరిదాకా రాదట. ఈ శీతాకాలంలో ఇక్కడ నెలలు నిండేవాళ్ళు ఏడుగురున్నారు.

నిజం చెప్పు అన్నయ్యా. ఏ నిజమైనా సరే.

పిచ్చుక


షెడ్డు,
డిసెంబరు 18.

పిచ్చుకకి,

విన్నాను. రెండుసార్లు విన్నాను. చైను కాదు. హీటర్ ప్లగ్గే.

తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. టైర్లు అమ్ముకునేవాడు టైర్లే చూసుకోవాలి.

తోలుకో.

అన్నయ్య


ఆరోగ్య కేంద్రం,
జనవరి 8.

అన్నయ్యకి,

నీ ఉత్తరం చేరిన రోజే మనసు కుదుటపడింది. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. తోలుతూనే ఉన్నాను.

నీకు చెప్పని విషయం ఒకటుంది. కంగారు పడతావని దాచాను. బండి ఇప్పుడు నా ఒక్కదాని కోసం కాదు. డిసెంబరులో ఇద్దరు గర్భిణుల్ని కనుమ దాటించి అవతలి ఆసుపత్రికి చేర్చాను, వెనక సీటు మడిచి పరుపు వేసి. ఇద్దరికీ సుఖంగా కాన్పయింది. ఒకావిడ, పుట్టిన ఆడపిల్లకి మన ఎర్రబండి రంగే వచ్చిందని నవ్వింది. నీ చెవి చలవే అనుకున్నాను.

గలగల ఇప్పుడు పది లెక్కపెట్టినా ఆగడం లేదు. పసుపు లైటు ఇక ఆరడం మానేసింది. నువ్వు చెప్పినట్టు అరగంట గట్టిగా తోలడానికి కుదరలేదు, ఇక్కడ తిన్నటి రోడ్డు ఏదీ? లాగుడు కొంచెం తగ్గింది. చలికే అనుకుంటున్నాను.

ఒక మంచి కబురు కూడా ఉంది. అందరి పాత బళ్ళూ ఇంజనాయిలు తాగేస్తాయి కదా, మన డాక్టరమ్మ స్కూటరుకి నెలనెలా పోయాల్సిందే. నాది తాగడం లేదు సరికదా, పెరుగుతోంది! ఆయిలు చూసే పుల్ల తీసి చూస్తే నవంబరులో రెండు గీతల మధ్య ఉండేది. ఇప్పుడు పై గీతకి వేలెడు పైన ఉంది. నేను ఒక్క చుక్క పోయలేదు. అక్షయపాత్ర దొరికిందని డాక్టరమ్మతో వేళాకోళం ఆడాను. కాస్త పల్చగా, డీజిలు వాసనతో ఉంది. ఎక్కువైతే తీసెయ్యాలా, ఉండనివ్వాలా?

పైగూడెంలో మేకల కాపరి కోడలికి పదమూడో తేదీకి అటూ ఇటుగా నొప్పులు రావచ్చు. తొలికాన్పు, సన్నటి పిల్ల. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. ఇక్కడ చేయడం నావల్ల కాదు, ఆసుపత్రిలో కడుపు కోయాల్సి రావచ్చు. నొప్పులు మొదలవగానే తీసుకెళ్తాను. వాళ్ళ అత్తకి మాటిచ్చాను.

పిచ్చుక


షెడ్డు,
జనవరి 12.

పిచ్చుకా,

బండి తీయకు. ఈ ఉత్తరం చదువుతున్నప్పుడు అది ఎక్కడ ఉంటే అక్కడే వదిలెయ్. స్టార్ట్ చేయకు.

పెరిగేది ఆయిలు కాదు. మసి కాల్చుకోవడానికి ఇంజను అదనంగా చిమ్ముకునే డీజిలు కాలకుండా కిందికి దిగి ఆయిల్లో కలుస్తోంది. ఆయిలు పల్చబడితే చైను, టర్బో అన్నీ అరిగిపోతాయి. అంతకంటే ఘోరం, పైకి వచ్చిన ఆయిలుని ఇంజను గాలితో పాటు పీల్చేస్తుంది. ఒకసారి పీల్చడం మొదలుపెడితే అదే దానికి డీజిలు. అప్పుడు నువ్వు కాలు తీసినా, తాళం తీసినా ఆగదు. తన ఆయిలు తానే తాగుతూ, పగిలిపోయేదాకా పరిగెడుతుంది. ఎక్కుడులో లోడుతో ఉన్నప్పుడే ఇది జరిగేది. నా కళ్ళతో చూశాను, ఒకసారి. నువ్వు మంచి కబురు అని రాసింది దీని గురించే.

ఇంకొకటి. నిజం చెప్పమన్నావు. నాకు వినపడదు.

ఎడమ చెవి మూడేళ్ళ కింద పోయింది. కుడిది పోయిన ఏడాది నించీ లేనట్టే. స్క్రూడ్రైవరు ఆనిస్తే చేతికీ దవడకీ వణుకు తెలుస్తుంది, దాన్నే శబ్దమనుకుని నెట్టుకొస్తున్నాను. మీ వదినకి తప్ప ఎవరికీ తెలీదు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. నువ్వు పంపిన శబ్దం తను నా చెవి దగ్గర పెట్టింది. అది ఆడుతోందో ఆగిందో కూడా నాకు తెలీలేదు. తను, "ఏదో గలగలమంటోందండీ, చెల్లెలికి ఒకసారి చెప్పండి" అని కాగితం మీద రాసి చూపించింది. ఆ కాగితం చింపేసి, విన్నానని నీకు రాశాను. చెవి మేస్త్రికి చెవుడంటే లోకం నవ్వుతుందని భయపడ్డాను. నా పరువు కోసం నిన్ను ఆ బండిలో కూర్చోబెట్టాను.

మీ వదిన వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళింది, ఎల్లుండి గానీ రాదు. నీ నంబరున్న ఫోను తన దగ్గరే ఉంది. ఇప్పుడే షెడ్డులోని ఫోను నించి నేనే మీ కేంద్రానికి చేశాను. అవతల ఎత్తారో లేదో తెలీదు. కాసేపు ఆగి, "మా పిచ్చుకని బండి తీయొద్దనండి" అని అరిచాను. అయిదారుసార్లు అరిచాను. ఎవరైనా విని ఉంటే చాలు.

తీయకు తల్లీ.

అన్నయ్య


ఆరోగ్య కేంద్రం,
జనవరి 19.

అన్నయ్యకి,

నీ ఉత్తరం పదహారున వచ్చింది.

పదమూడున తెల్లవారుజామునే కాపరి ఇంటి నించి కబురొచ్చింది. కోడలిని వెనక పరుపు మీద పడుకోబెట్టి, అత్తని పక్కన కూర్చోబెట్టి బయల్దేరాను. కనుమకి రెండు మలుపుల కింద, ఎక్కుడులో, బండి తనంతట తానే గుర్రుమంది. కాలు తీసేశాను. తగ్గలేదు, పెరిగింది. అద్దంలో చూస్తే వెనక రోడ్డు లేదు, అంతా తెల్లపొగ. తాళం తీసి చేతిలో పట్టుకున్నాను. ఇంజను అరుస్తూనే ఉంది. క్లచ్ తొక్కితే ఇంకా అరిచింది. ఒకవైపు లోయ. రెండోవైపు మట్టిగట్టుకి బండిని ఒరిపించి ఆపాను. నేనూ అత్తా కలిసి ఆ పిల్లని దింపి, దూరంగా రోడ్డు పక్కన దుప్పటి మీద పడుకోబెట్టాం. తర్వాత రెండు నిమిషాలకి లోపల ఏదో విరిగిన చప్పుడయింది. ఆ తర్వాత ఇంక ఏ శబ్దమూ లేదు.

కలప లారీ వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. అప్పటికి కాన్పయిపోయింది. కాళ్ళు వచ్చాయి, ఒళ్ళు వచ్చింది, తల రావడానికి చాలాసేపు పట్టింది. మగపిల్లాడు. నాకు తెలిసినవన్నీ చేశాను. ఏడవలేదు. తల్లి బతికింది. అత్త చచ్చిన పసివాణ్ణి తన కోటులో చుట్టుకుని లారీలో నా పక్కనే కూర్చుంది.

నీ ఫోను డాక్టరమ్మే ఎత్తింది. ముందురోజు మధ్యాహ్నం. "పిచ్చుకేంటి, బండేంటి, ఎవరు మాట్లాడేది?" అని మూడుసార్లు అడిగిందట. నువ్వు ఆ ఒక్క ముక్కే అరిచి పెట్టేశావట. ఎవరో పిచ్చివాడనుకుంది. నన్ను పిచ్చుక అనేది ఈ భూమ్మీద నువ్వొక్కడివేనని ఆవిడకెలా తెలుస్తుంది? నాకు ఈ సంగతి పదిహేనున చెప్పి, నేను ఏడుస్తుంటే ఎందుకో తెలీక బిత్తరపోయింది.

ఇక నా వంతు. నీకు వినపడదని నాకు తెలుసు అన్నయ్యా. బండి కొన్న రోజే తెలుసు. మనకి బండి అమ్మిన ఆ లెక్కల మేష్టారు తన ఇంటి ముందు తాళం తిప్పగానే గలగలమంది. నాకే వినపడింది. ఆయన ఉలిక్కిపడి నీ ముఖంలోకి చూశాడు. నువ్వు కళ్ళు మూసుకుని, పిడి చెవికి ఆనించుకుని, నిండుకుండలా నిలబడ్డావు. వెనక నించి మూడుసార్లు "అన్నయ్యా" అని పిలిచాను. నువ్వు తిరగలేదు. ఆయనకి అర్థమైంది. ముఖంలో భయం పోయి నవ్వు రావడం చూశాను. నువ్వు కళ్ళు తెరిచి, "బాగుందండీ" అన్నావు. పరాయివాడి ముందు నీ పరువు తీయలేక నేనూ "బాగుంది" అన్నాను. తర్వాత ఉత్తరాల్లో నీ చేతే చెప్పిద్దామని తిరగేసి మరగేసి అడిగాను. నువ్వు చెప్పలేదు. డిసెంబరులో నువ్వు తోలుకోమని రాసిన ఉత్తరం చూసి, చెవిటివాడు కూడా ఒక్కోసారి వింటాడేమో అని నన్ను నేనే నమ్మించుకున్నాను. నువ్వు పరువు కోసం దాచావు, నేను ప్రేమ అనుకుని దాచాను. ఆ పిల్లకి రెండూ ఒకటే.

ఇక్కడ అందరూ పాతబండి తప్పంటున్నారు, అంబులెన్సు రాకపోవడం తప్పంటున్నారు. రేపు ఆ ఇంటికి వెళ్ళి అసలు సంగతి చెబుతాను.

నిన్ను ఒకటే అడుగుతున్నాను. ఈ మూడేళ్ళలో నా బండి కాక ఇంకెన్ని విన్నావు?


షెడ్డు,
ఫిబ్రవరి 6.

పిచ్చుకకి,

నలభై ఒకటి.

నీ ఉత్తరం వచ్చిన రాత్రి మీ వదినా నేనూ కూర్చుని గుర్తు తెచ్చుకుని రాశాం. బళ్ళ నంబర్లు గుర్తులేవు, మనుషుల ముఖాలు గుర్తున్నాయి. మర్నాటి నించీ షెడ్డు మూసి తిరుగుతున్నాను. చేతిలో పలక సైజు పుస్తకం ఒకటి. మొదటి పేజీలో, "నేను చెవి మేస్త్రిని. నాకు చెవుడు. మీ బండి బాగుందని వినకుండానే చెప్పాను. ఇంకెవరికైనా చూపించండి" అని రాసుకున్నాను. తలుపు కొట్టి అది చూపిస్తాను. అవతలివాళ్ళు చెప్పేది రెండో పేజీలో రాయమంటాను.

నవ్వినవాళ్ళున్నారు. మందుల షాపు ఆయన పుస్తకం లాక్కుని విసిరేశాడు. రిటైరైన తపాలా ఉద్యోగి ఒకాయన లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చి, తనకీ కుడిచెవి పోయిందనీ ఇంట్లో తెలీదనీ రాశాడు. ఇద్దరి బళ్ళు అప్పటికే పాడై అమ్మేసుకున్నారు. ఎవరికి అమ్మారో వాళ్ళకే తెలీదు. వెల్డరు దగ్గరికి కూడా వెళ్ళాను. ఆ రోజు నేను నీకు ఫోనులో అరుస్తున్నప్పుడు అతను పది అడుగుల దూరంలో ఉన్నాడు. "ఒక్క మాట అంటే నేను మాట్లాడేవాణ్ణి కదా" అని రాశాడు. ఆ పేజీ ఇంకా చింపలేదు.

ముప్పై ఎనిమిది అయ్యాయి. ఇంకో రెండు ఈ ఊళ్ళో లేవు. మిగిలింది ఒకటి, పసిపిల్లల బడి వ్యాను. నీ బండి ఇంజనే దానికీ. రోజుకి రెండు పూటలు, పది పది నిమిషాల తిప్పుడు. పధ్నాలుగు మంది పిల్లలు. వంతెన పక్క ఎక్కుడు మీదుగా వెళ్ళాలి.

ఈ పొద్దున వీధి చివర ఆపి పుస్తకం చూపించాను. డ్రైవరు కొత్తవాడు, నన్నెరగడు. చదివి ఏదో అన్నాడు. రాయమంటే తీరిక లేదన్నట్టు చెయ్యి విసిరాడు. పాపని ఎక్కించడానికి వచ్చిన ఒక తల్లి జాలిపడి, అతనన్నది రాసిచ్చింది. "ఇది చెవి మేస్త్రి విని బాగుందన్న బండి. కాదనడానికి నువ్వెవరు? ఆయన పేరు చెప్పుకుని తిరిగే మోసగాళ్ళు ఎక్కువయ్యారు." నేనే అని గుండె మీద చెయ్యి వేసి చూపించాను. వాడు నవ్వాడు. ఆ తల్లి కూడా నన్నొకసారి చూసి, పాపని ఎత్తి లోపల కూర్చోబెట్టింది. వ్యాను కదిలింది. సైలెన్సరు నించి తెల్లపొగ వచ్చింది. అది కంటితో చూసేదే కదా, చూశాను. వెనక అద్దంలోంచి పిల్లలు చెయ్యి ఊపారు.

బడివాళ్ళ దగ్గరికి వెళ్ళాను. గుమాస్తా పుస్తకం చదివి, బండికి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని రాశాడు. పోలీసుస్టేషనుకి వెళ్ళాను. రేపు రమ్మన్నారు.

రేపు అక్కడికి వెళ్ళను. రేపు పొద్దున ఆరున్నరకి, వాడు సెల్ఫ్ కొట్టకముందే, వ్యాను ముందు చక్రాల దగ్గర కూర్చుంటాను. మీ వదిన పక్కన కూర్చుంటానంది. వద్దన్నాను, వినేలా లేదు. వాడు స్టార్ట్ చేస్తాడు, హారన్ కొడతాడు, వీధంతా వచ్చి లేవమంటుంది. నాకు వినపడదు.

అన్నయ్య